జాడీకీ కూజాకీ మధ్య: స్టూడియో సిరామిక్స్ అంటే అసలేమిటి?

రెండేళ్ల కిందట విజయవాడలో ఒక చేతివృత్తుల ప్రదర్శనకు మా పిన్నితో కలిసి వెళ్లాను. అక్కడ పిన్ని ఒక కాఫీ కప్పు చేతిలోకి తీసుకుని వెల అడిగింది. ఎనిమిది వందల యాభై అన్నారు. కప్పుకి 'స్టోన్‌వేర్, హ్యాండ్‌మేడ్' అని చిన్న చీటీ కట్టి ఉంది. పక్క బల్ల మీద దాదాపు అదే రంగులో ఇంకో కప్పు, దాని మీద 'సిరామిక్' అని ఉంది, వెల రెండు వందల ఇరవై. ఆ చివర 'టెర్రకోట' అని రాసిన ఎర్ర కప్పు నూట యాభై. "మూడూ మట్టివే కదమ్మా, మరి ఇంత తేడా ఏంటి?" అని పిన్ని అడిగింది. అమ్మే అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది. కానీ గ్లేజ్, బిస్క్, కోన్ సిక్స్ అనే మాటల మధ్య పిన్ని అడిగినదానికి జవాబు దొరకలేదు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తర్వాత చాలా నెలలు శని, ఆదివారాలు ఒక స్టూడియోలో మట్టి పిసికాను. ఇప్పుడు మన నగరాల్లో కుండల తయారీ నేర్పే తరగతులు కనిపిస్తున్నాయి, చేత్తో చేసిన పాత్రలను ఫోన్లో చూసి తెప్పించుకునేవాళ్లు పెరిగారు. వాటితోపాటే సందేహాలు కూడా. ఇది కుమ్మరి పనేనా, వేరే పనా? పింగాణీ అంటే ఇదేనా? ఇందులో తినొచ్చా? అంత వెల న్యాయమేనా? ఒక్కొక్కటీ విప్పి చూద్దాం. ఇంట్లో ఉన్న పాత్రల నుంచే మొదలుపెడితే తేలిగ్గా ఉంటుంది.

మనింట్లో ఎప్పటినుంచో ఉన్న రెండు పాత్రలు

వేసవిలో నీళ్లకు కూజా, ఏడాది పొడుగునా ఆవకాయకు జాడీ. మా చిన్నప్పుడు గుంటూరులో మా వీధిలో ఈ రెండూ లేని ఇల్లు లేదు. రెండూ మట్టివే. కానీ ఒకదాని పని ఇంకోదానితో చేయించలేం. కూజాలో ఆవకాయ పెడితే నూనె గోడలోకి ఇంకిపోతుంది, ఉప్పు బయటివైపు తెల్లగా పూస్తుంది. జాడీలో నీళ్లు పోస్తే ఎంతసేపు ఉంచినా చల్లబడవు.

కారణం గోడలో ఉంది. కూజా గోడ నిండా కంటికి కనిపించని సందులు ఉంటాయి. నీరు వాటిలోంచి పైకి వచ్చి గాలికి ఆరిపోతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. లెక్క వేసి చూడొచ్చు. కూజాలో 5 లీటర్ల నీళ్లు ఉన్నాయనుకుందాం. అందులో 100 గ్రాములు గోడ మీదుగా ఆవిరయ్యాయి. గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. అంటే మొత్తం 58,000 కేలరీలు. ఆ వేడంతా లోపలి నీళ్లలోంచే పోతే 5,000 గ్రాముల నీరు దాదాపు 12 డిగ్రీలు చల్లబడాలి. బయటి వేడి మళ్లీ లోపలికి వస్తూ ఉంటుంది కాబట్టి అంత చల్లబడదు, కానీ ఆ తేడా గొంతుకు తెలుస్తుంది. మే నెల బెజవాడ వడగాలిలో కూజా బాగా పనిచేసి, ఆగస్టు ఉక్కపోతలో అంతగా చేయకపోవడానికి కారణం కూడా ఇదే. గాలిలో తేమ ఎక్కువైతే గోడ మీది నీరు ఆరదు.

జాడీ గోడలో ఆ సందులు దాదాపు ఉండవు. మట్టి బాగా కాలి రాయిలా బిగిసిపోయింది, పైన గాజు పొర ఉంది, దాన్నే గ్లేజ్ అంటారు. అందుకే ఉప్పు, నూనె, పులుపు ఏడాదిపాటు కదలకుండా కూర్చుంటాయి. జాడీ స్టోన్‌వేర్. ఎనిమిది వందల యాభై రూపాయల కప్పు మీద రాసిన మాట అదే. మనం తరాలుగా వాడుతున్న వస్తువు పేరును కొత్త మాటలా చదివాం, అంతే.

పాత జాడీల్లో కొన్నింటి పైభాగం నారింజ తొక్కలా చిన్న చిన్న గుంటలతో ఉంటుంది. అది ఉప్పు గ్లేజ్ గుర్తు. పాత్రలు కాల్చే కొలిమి, అంటే కిల్న్, సుమారు 1200 డిగ్రీలు దాటాక అందులోకి మామూలు ఉప్పు వేస్తారు. ఆ వేడికి ఉప్పు విడిపోయి, అందులోని సోడియం మట్టిలోని సిలికాతో (ఇసుకలో ఎక్కువగా ఉండేది ఇదే) కలిసి పాత్ర మీదే గాజుగా మారుతుంది. పైన పూయడమంటూ ఉండదు, ఆవిరే పూతవుతుంది. ఉప్పు నిల్వ ఉంచే పాత్రకు ఉప్పుతోనే పూత. నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపించే సంగతి ఇది.

మట్టి, మంట, గాజు

సిరామిక్ అనేది ఇంటిపేరు లాంటిది. మట్టిని కాల్చి గట్టిపరిచిన ప్రతిదీ దాని కిందికే వస్తుంది: ప్రమిద, ఇటుక, పెంకు, సింకు, టైలు, కప్పు. కాబట్టి ఒక కప్పు మీద 'సిరామిక్' అని మాత్రమే రాసి ఉంటే దాని గురించి దాదాపు ఏమీ చెప్పనట్టే. అసలు సంగతి దాని లోపలి మూడు రకాల్లో ఉంది.

మొదటిది ఎర్తెన్‌వేర్. సుమారు 800 నుంచి 1100 డిగ్రీల మధ్య కాలుతుంది. సందులు మిగిలిపోతాయి. మన కుండ, కూజా, ప్రమిద, గ్లేజ్ లేని టెర్రకోట అన్నీ ఇందులోవే. రెండోది స్టోన్‌వేర్, 1200 నుంచి 1300 డిగ్రీలు. మట్టిలో కొంత భాగం కరిగి మిగతా రేణువులను అతికించేస్తుంది. మూడోది పోర్సిలిన్, మనం పింగాణీ అనేది. తెల్లని కేయొలిన్ మట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ అనే ఖనిజాలు కలిపి ఇంకా పై వేడిలో కాలుస్తారు. పలచగా చేస్తే వెలుతురు దూరుతుంది. వాడుకలో మనం తెల్లగా మెరిసేదాన్నంతా పింగాణీ అంటాం. అందులో తప్పేం లేదు గానీ, కొనేటప్పుడు ఆ మాట సరిపోదు.

ఈ తేడాను ఇంట్లోనే తూకం వేసి తెలుసుకోవచ్చు. బాగా ఆరిన, గ్లేజ్ లేని చిన్న ముక్క 400 గ్రాములు ఉందనుకోండి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పైతడి తుడిచి మళ్లీ తూచితే 444 గ్రాములు వచ్చింది. 44 గ్రాముల నీరు తాగింది, అంటే 11 శాతం. ఇది ఎర్తెన్‌వేర్. 408 వస్తే 2 శాతం, స్టోన్‌వేర్ కింద లెక్క. మంచి పోర్సిలిన్ ఒక శాతం కూడా తాగదు. స్టూడియోల్లో మట్టి కొత్త బస్తా విప్పినప్పుడు మరిగించి ఇంకా పక్కాగా చేసే పరీక్ష ఇదే.

ఇక మంట. ఆరిన మట్టిని కిల్న్‌లో పెట్టాక వంద డిగ్రీల దాకా మిగిలిన తడి పోతుంది. ఇక్కడ తొందరపడితే లోపలి నీరు ఆవిరై పాత్రను పేల్చేస్తుంది. 350 నుంచి 600 డిగ్రీల మధ్య మట్టి రేణువుల నిర్మాణంలోనే కలిసి ఉన్న నీరు విడిపోతుంది. ఆ తర్వాత అది మళ్లీ ఎప్పటికీ మట్టి కాలేదు. అంతదాకా ఎండిన కుండను నానబెడితే తిరిగి ముద్దవుతుంది. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ ఒక్కసారిగా సుమారు ఒక శాతం ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అదే చోట కుంచించుకుపోతుంది. కిల్న్ తలుపు ఆత్రంగా తెరిచేవాళ్ల పాత్రలు టక్కున పగిలేది ఎక్కువగా ఈ కారణంతోనే. స్టూడియోల్లో సాధారణంగా మొదట 900, 1000 డిగ్రీల మధ్య ఒకసారి కాలుస్తారు, దాన్ని బిస్క్ అంటారు. పాత్ర గట్టిపడుతుంది, కానీ నీరు పీల్చే గుణం పోదు. అప్పుడు గ్లేజ్ ముంచి రెండోసారి పైవేడికి తీసుకువెళతారు.

గ్లేజ్ అంటే పాత్ర మీదే కరిగి అతుక్కునే గాజు. గాజునిచ్చే సిలికా, అది పాత్ర మీద నుంచి కారిపోకుండా పట్టి ఉంచే అల్యూమినా, సిలికా కరిగే వేడిని కిందికి దించే ఫ్లక్స్, ఈ మూడూ ఉండాలి. సిలికా ఒక్కటే కరగాలంటే 1700 డిగ్రీలు దాటాలి. సున్నం, సోడియం, పొటాషియం లాంటివి తోడైతే 1220 దగ్గరే కరుగుతుంది. రంగు ఇనుము, రాగి, కోబాల్టు లాంటి లోహాల ఆక్సైడ్ల నుంచి వస్తుంది.

పిన్నిని తికమకపెట్టిన 'కోన్ సిక్స్' ఏమిటంటారా? అరిసెల పాకం గుర్తు తెచ్చుకోండి. అమ్మ థర్మామీటరు పెట్టదు. నీళ్లలో చుక్క వేసి ఉండ కట్టిందా లేదా చూస్తుంది. ఎంత వేడి అన్నదొక్కటే కాదు, ఆ వేడి ఎంతసేపు తగిలిందన్నది కూడా ఆ ఉండలో ఉంటుంది. కోన్ కూడా అంతే. ఫలానా వేడి ఫలానా వేగంతో తగిలితే వంగిపోయేలా తయారుచేసిన చిన్న కోణాకారపు కడ్డీ. 1886లో జర్మనీలో హెర్మన్ సేగర్ ఈ పద్ధతిని స్థిరపరిచాడు. ఇప్పుడు ఎక్కువగా వాడే ఆర్టన్ లెక్కలో కోన్ 6 అంటే సుమారు 1220 డిగ్రీలు, కోన్ 10 అంటే సుమారు 1290.

ఎక్కువ కాలిస్తే ఎక్కువ మంచిదా?

ఇంతవరకు చదివితే కుండ కంటే కప్పు గొప్పదని అనిపించవచ్చు. ఇక్కడే చాలామంది పొరబడతారు.

చేపల పులుసు పెట్టే మట్టి దాకను నేరుగా పొయ్యి మీద పెడతాం, ఏమీ కాదు. స్టోన్‌వేర్ గిన్నెను అలాగే గ్యాస్ మంట మీద పెడితే చాలావరకు పగిలిపోతుంది. మంట తగిలిన అడుగు ఉబ్బుతుంది, అంచు ఇంకా చల్లగా ఉంటుంది. ఆ లాగుడుకు బిగిసిపోయిన గోడ తట్టుకోలేదు. దాక గోడలో ఉన్న సందులు, కుమ్మరి మట్టిలో కలిపిన ఇసుక ఆ లాగుడును తమలోకి తీసుకుంటాయి. చిన్న చీలిక మొదలైనా పక్క సందు దగ్గర ఆగిపోతుంది. 1250 డిగ్రీలు దాటిన పాత్ర చేయలేని పనిని 800 డిగ్రీల పాత్ర చేస్తుంది.

కాబట్టి కుమ్మరి కుండలు కాల్చే ఆవంలో వేడి తక్కువ కావడం లోపం కాదు. గడ్డి, పిడకలు, కట్టెలతో కొన్ని గంటల్లో కాల్చి, నీళ్లు చల్లబరిచే, మంటను తట్టుకునే పాత్రను తీయడం తరాల నైపుణ్యం. స్టూడియో పాత్రకు పని వేరు, కాబట్టి మంట కూడా వేరు.

మంటకు గాలి ఇవ్వడంలోనూ ఇలాంటిదే ఒక బంధుత్వం ఉంది. ఆవంలో గాలి బాగా ఆడితే మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. గాలి బిగించి పొగ పెడితే నల్లబడుతుంది. మన ఎర్రకుండ, నల్లకుండ వెనుక ఉన్న రసాయనం ఇదే. స్టూడియో వాళ్లు ఆక్సిడేషన్, రిడక్షన్ అనేవి కూడా ఇవే. గ్లేజ్‌లో రాగి ఉంటే గాలి ఉన్న మంటలో పచ్చగా, గాలి తగ్గించిన గ్యాస్ మంటలో ఎర్రగా తేలుతుంది. గుంటూరుకు దగ్గరలోనే ధరణికోట, అమరావతి తవ్వకాల్లో దొరికిన పాత్రల్లో లోపలా అంచూ నల్లగా, కింద ఎర్రగా ఉండేవి ఉన్నాయి. ఒకే పాత్రలో గాలి తగిలిన చోటు, తగలని చోటు. రెండు వేల ఏళ్ల కిందటే ఈ ప్రాంతంలో మంటను ఇంత మెలకువగా వాడారన్నమాట.

'స్టూడియో' అన్న మాట ఎక్కడిది

పంతొమ్మిదో శతాబ్దానికి యూరప్‌లో పాత్రలు కార్ఖానాల్లోంచి వచ్చేవి. ఒకరు మట్టి కలిపితే ఇంకొకరు అచ్చు పోసేవారు, మరొకరు రంగు వేసేవారు. మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి చేసే పాత్ర అరుదైపోయింది. దానికి ఎదురుగా, రూపం ఆలోచించడం, మట్టి కలపడం, సారె (కుమ్మరి చక్రం) తిప్పడం, గ్లేజ్ తయారుచేయడం, కాల్చడం అన్నీ ఒక మనిషి లేదా చిన్న బృందం చేతిలో ఉండాలని కొందరు కోరుకున్నారు. స్టూడియో పాటరీ అన్న మాటకు మూలం ఈ కోరికే. స్టూడియో అంటే ఏసీ గది, అందమైన అరలు అని కాదు. నిర్ణయాలన్నీ, వాటి ఫలితం కూడా, చేసినవాళ్లవే అని.

1920లో ఇంగ్లీషు కళాకారుడు బెర్నార్డ్ లీచ్, జపాన్ నుంచి వచ్చిన కుమ్మరి షోజి హమదా కలిసి ఇంగ్లండ్‌లోని సెంట్ ఐవ్స్‌లో ఒక పాటరీ, అంటే పాత్రలు చేసే కార్యశాల, ప్రారంభించారు. ఆ తర్వాత కొన్నేళ్లకు జపాన్‌లో తత్వవేత్త యనాగి సోయెత్సు, కుమ్మరులు హమదా, కవాయి కంజిరో మింగై అనే ఆలోచనకు రూపమిచ్చారు. పేరు తెలియని సామాన్య పనివాళ్లు రోజువారీ వాడకానికి చేసిన వస్తువుల్లో ఉండే అందమే గొప్పదని వాళ్ల వాదన. ఇందులో ఒక చిక్కుముడి ఉంది. పేరులేని పనివాడిని మెచ్చుకున్న ఆ ఉద్యమం నుంచే ప్రపంచంలో అందరికీ తెలిసిన పేర్లు పుట్టాయి. ఆ ముడి మన ఊళ్లో కూడా ఉంది, కింద మళ్లీ దాని దగ్గరికి వద్దాం.

మన దేశంలో ఈ దారి వేసినవాళ్లలో గురుచరణ్ సింగ్‌ను ముందు చెప్పుకోవాలి. యువకుడిగా జపాన్ వెళ్లి అక్కడ లీచ్, హమదా, యనాగిల సావాసంలో నేర్చుకుని వచ్చాడు. తర్వాత ఢిల్లీ బ్లూ పాటరీ నడిపి ఎందరినో తయారుచేశాడు. దక్షిణాదికి దగ్గరగా జరిగిన పెద్ద మలుపు 1971లో పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ స్థాపించిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ. ఈ రోజు దేశంలో పేరున్న సిరామిక్ కళాకారుల్లో చాలామంది అక్కడ మట్టి పిసికినవాళ్లే. 2018లో జైపూర్‌లోని జవహర్ కళా కేంద్రంలో మొదటి ఇండియన్ సెరామిక్స్ ట్రయన్నాలే అనే పెద్ద ప్రదర్శన జరిగింది. అక్కడ పెట్టినవాటిలో కాఫీ పోసుకునే పాత్రలు తక్కువ, గదులు నింపే శిల్పాలు, అమరికలు (ఇన్‌స్టలేషన్లు) ఎక్కువ. అంటే స్టూడియో సిరామిక్స్ అన్న మాట ఇప్పుడు కప్పు నుంచి శిల్పం దాకా సాగింది. వాడకానికి రాని పాత్ర కూడా పాత్రేనా అని ఈ రంగంలోవాళ్లే ఇప్పటికీ వాదించుకుంటారు.

ఎనిమిది వందల యాభై ఎలా అయింది?

ఇప్పుడు పిన్ని ప్రశ్న. కింది అంకెలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవి. ఊరిని బట్టి, మనిషిని బట్టి మారతాయి. లెక్క నడిచే తీరు మాత్రం ఇదే.

ఒక స్టూడియోలో ఒకేసారి 20 కప్పులు చేస్తున్నారనుకుందాం. మట్టికి 500, గ్లేజ్ సరుకులకు 400. బిస్క్, గ్లేజ్ రెండు కాల్పులకూ కలిపి 60 యూనిట్ల కరెంటు, యూనిట్ 9 రూపాయల చొప్పున 540. కప్పు సారె మీద ఎత్తడం, మర్నాడు అడుగు చెక్కడం, పిడి అతికించడం, గ్లేజ్ ముంచడం, కిల్న్ నింపడం, ఖాళీ చేయడం అన్నీ కలిపి 16 గంటలు. గంటకు 200 చొప్పున 3,200. ఈ పనికి పడే అద్దె వాటా 1,500. కిల్న్‌లో వేడినిచ్చే కాయిల్స్, పాత్రలు నిలబెట్టే పలకలు అరిగినందుకు 700. మొత్తం 6,840.

20 కప్పులూ బయటికి రావు. ఒకదానికి పిడి దగ్గర చీలిక, ఒకదాని గ్లేజ్ కారి పలకకు అతుక్కుంది, రెండు వంకరపోయాయి. మిగిలినవి 16. ఒక్కోటి సుమారు 428. అట్టపెట్టె, కాగితాలతో కలిపి 488 దాకా అవుతుంది. దుకాణం అమ్మితే 40 శాతం తీసుకుంటుందనుకుంటే, చేతికి 488 రావాలంటే వెల 813 పెట్టాలి. పిన్ని విన్న అంకె దగ్గరికి వచ్చేశాం. ఇందులో లాభం అని విడిగా చెప్పుకోదగ్గది లేదు. గంటకు 200 కూలి ఉంది, అంతే.

ఇంకో చిన్న లెక్క కూడా చెప్పాలి, కొత్తగా నేర్చుకునేవాళ్లు దీనితోనే దెబ్బ తింటారు. మట్టి ఆరేటప్పుడు, కాలేటప్పుడు కుదించుకుపోతుంది. మొత్తం 12 శాతం కుదింపు ఉన్న మట్టితో 9 సెంటీమీటర్ల కప్పు కావాలంటే తడిమీద 10.2 సెంటీమీటర్లు ఎత్తాలి. తొమ్మిదిని 0.88తో భాగించాలి. తొమ్మిదికి 12 శాతం కలిపితే తక్కువ వస్తుంది. మూత విడిగా, పాత్ర విడిగా చేసి రెండూ కలవాలంటే ఎంత జాగ్రత్త కావాలో ఊహించుకోండి. ఆరబెట్టడంలో మన ఎండ తోడైతే ఇంకా కష్టం. వడగాలికి అంచు ఒక పూటలో ఎండిపోతుంది, అడుగు తడిగానే ఉంటుంది, మధ్యలో చీలిక పడుతుంది. అందుకే ఇక్కడ వేసవిలో కప్పులకు పాలిథిన్ కవర్లు కప్పి రోజుల తరబడి నెమ్మదిగా ఆరనిస్తారు.

మరి రెండు వందల ఇరవై కప్పు మోసమా? కానే కాదు. అది అచ్చు పోసి కార్ఖానాలో వేల సంఖ్యలో చేసింది. వాడకానికి నిక్షేపంగా ఉంటుంది, ఒక్కోసారి చేత్తో చేసినదానికంటే సమంగా, గట్టిగా కూడా ఉంటుంది. చిక్కంతా 'హ్యాండ్‌మేడ్' అన్న మాటతోనే. అచ్చులో పోసి, పిడి మాత్రం చేత్తో అతికించినదాన్ని కూడా ఆ పేరుతో అమ్ముతారు. అచ్చు వాడితే చేతిపని కాదని కొందరంటారు. అచ్చు కూడా ఎవరో చేత్తో చేసిందే, రూపం, గ్లేజ్, కాల్పు స్టూడియోవే అయితే తప్పేంటని ఇంకొందరంటారు. నా మటుకు నాకు రెండోవాళ్ల మాట సబబుగా ఉంది, కాకపోతే ఆ సంగతి చీటీ మీద రాసి అమ్మాలి.

కుమ్మరిపాలెం ప్రశ్న

విజయవాడలో కుమ్మరిపాలెం అని ఒక పేటే ఉంది. కుండలు చేసినవాళ్ల పేరు ఊరి పటంలో ఉండిపోయింది. వాళ్లకు ఈ పనికి సొంత మాటలున్నాయి. సారె మీద కుండకు రూపమివ్వడాన్ని వానడం అంటారు. 'కుండలు వానాడు' అంటే చాలు, ఇంకో మాట అక్కర్లేదు. కాల్చేది ఆవం. ఆటుకూరి మొల్ల పుట్టింది ఈ కులంలోనే. తిరుమల స్వామికి మట్టి పూలతో పూజ చేసిన కుమ్మరి భక్తుడి కథ మన ఇళ్లలో అందరికీ తెలుసు. 'కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు' అనే సామెతలో ఈ పని వెనుక ఉండే కాలం, అది పోయే వేగం రెండూ ఉన్నాయి.

ఇప్పుడు ఒక పక్క ఆ ఇళ్ల పిల్లలు వేరే ఉద్యోగాలకు వెళ్లిపోతుంటే, ఇంకో పక్క ఎన్నడూ మట్టి ముట్టని కుటుంబాల పిల్లలు రుసుము కట్టి సారె నేర్చుకుంటున్నారు. దీని మీద గట్టి అభిప్రాయాలున్నాయి.

ఒక వాదన ఇలా ఉంటుంది. అదే సారె, అదే మట్టి, అదే చేయి. కులవృత్తిగా చేస్తే కూలి, నగరంలో చేస్తే కళ. ఒకరి కుండ వందకు బేరమాడతాం, ఇంకొకరి కప్పు వెయ్యికి కళ్లకద్దుకుంటాం. పేరు అడుగున ముద్ర వేసుకునే హక్కు ఎవరికి దొరికిందో చూస్తే అన్యాయం కనిపిస్తుంది. పేరులేని పనివాడిని పొగిడి, పొగిడినవాళ్లు పేరు తెచ్చుకున్న పాత కథే ఇది.

రెండో వాదన కూడా వినాలి. స్టూడియో పని నేర్చుకునేది వేరే మట్టి, వేరే వేడి, గ్లేజ్ రసాయనం. అది కుమ్మరి బజారును లాక్కోదు. కప్పు కొనేవాళ్లు కుండ మానేసి కొనడం లేదు. పైగా పుట్టుకతో సంబంధం లేకుండా ఎవరైనా ఈ పనిలోకి రావడం కులం గోడలను సడలించే సంగతే కదా అని వాళ్లడుగుతారు.

నా అనుభవం రెంటి మధ్యా ఉంది. మా తరగతిలో పెద్ద బాన ఎత్తడం నేర్పడానికి ఒకరోజు ఒక కుమ్మరి పెద్దాయన వచ్చారు. మేం నెలలుగా కప్పుతోనే కుస్తీ పడుతుంటే, ఆయన ఒక్క ముద్ద లోంచి వరసగా ఒకటి తర్వాత ఒకటి ఇరవై ప్రమిదలు తీశారు, ప్రతిదాన్నీ దారంతో కోసి పక్కన పెడుతూ. సాయంత్రం ఆయనే గ్లేజ్ రంగు చూడటానికి చేసిన ఒక నమూనా పలకను తిప్పి తిప్పి చూసి, "బాబూ, ఈ నీలం ఎలా తెచ్చారు?" అని అడిగారు. కోబాల్టు గురించి చెబితే శ్రద్ధగా విన్నారు. కప్పు వెల ఎక్కువని నాకు ఆ రోజు అనిపించలేదు. కుండ వెల మరీ తక్కువని అనిపించింది.

చట్టం కూడా రెంటినీ వేరుగానే చూస్తుంది. మట్టి కుండలకు, ప్రమిదలకు జీఎస్టీ లేదు. సిరామిక్, పింగాణీ పాత్రలకు ఉంది. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ కుమ్మరులకు కరెంటుతో తిరిగే సారెలు ఇస్తోంది. సారె తిప్పే కష్టం తగ్గుతుంది. ఆవం, మట్టి దొరికే చెరువు, అమ్ముకునే చోటు అన్న ప్రశ్నలు అలాగే ఉంటాయి.

ఇందులో తినొచ్చా?

ఈ ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పలేం. పాత్ర ఏ మట్టిది, ఏ గ్లేజ్, సరిగ్గా కాలిందా అన్నవి చూడాలి.

పాతకాలంలో తక్కువ వేడిలో గ్లేజ్ కరగడానికి సీసం వాడేవారు. పులుపు తగిలితే అది ఆహారంలోకి దిగుతుంది. చింతపండు పులుసు, నిమ్మకాయ, పచ్చళ్లు తినే మనకు ఇది చిన్న విషయం కాదు. తినే పాత్రలకు తెలిసినవాళ్లెవరూ సీసం వాడరు. కానీ సీసం లేకపోతే చాలదు. రాగి లాంటి రంగులు ఎక్కువగా వేసినా, గ్లేజ్ సరిగ్గా కరగకపోయినా లోహం వదులుతుంది. ప్రయోగశాలలో పాత్రను 4 శాతం అసిటిక్ ఆమ్లంతో నింపి 24 గంటలు ఉంచి ఎంత లోహం దిగిందో కొలుస్తారు. ఇంట్లో నిమ్మచెక్క రాత్రంతా పెట్టి రంగు మారిందా చూసే పద్ధతి ఒకటుంది. రంగు మారితే ఆ గ్లేజ్ బలహీనమని తెలుస్తుంది. మారనంత మాత్రాన సీసం లేదని మాత్రం తేలదు.

గ్లేజ్‌లో సన్నని పగుళ్ల గీతలు కనిపిస్తే దాన్ని క్రేజింగ్ అంటారు. చల్లారేటప్పుడు గ్లేజ్ మట్టికంటే ఎక్కువ కుదించుకుపోతే ఇలా అవుతుంది. చైనా, కొరియాల్లో దీన్ని కావాలని తెప్పించి అందంగా చూశారు. పూలకుండీకి నిజంగానే బాగుంటుంది. నీరు పీల్చే మట్టి మీద క్రేజింగ్ ఉంటే మాత్రం తడి, నూనె లోపలికి దిగి నిలవ ఉంటాయి. బాగా బిగిసిన స్టోన్‌వేర్ మీదైతే అంత భయం లేదని కొందరు, తినే పాత్ర మీద అసలు వద్దని ఇంకొందరు అంటారు. ఇక రాకు పద్ధతిలో చేసినవి, ఎర్రగా ఉండగానే కిల్న్‌లోంచి తీసి పొట్టులో పెట్టి పొగపట్టించినవి, చూడ్డానికి మాత్రమే. వాటి గోడ తక్కువ వేడిలో కాలింది, నీరు పీలుస్తుంది.

చేసేవాళ్ల ఆరోగ్యం గురించి తక్కువ మాట్లాడతారు. పొడి మట్టి దుమ్ములో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు సిలికోసిస్ అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. అందుకే మంచి స్టూడియోలో చీపురు కనిపించదు. తడిగుడ్డతోనే తుడుస్తారు. గ్లేజ్ పొడి కలిపేటప్పుడు మాస్కు పెట్టుకుంటారు. పిల్లలను తరగతికి పంపేముందు ఆ గది నేల చూడండి.

మన మట్టి ఎక్కడ?

చివరికి చాలామంది అడిగేది: ఇంత మట్టి మన చుట్టూ ఉండగా బస్తాల్లో ఎందుకు తెప్పిస్తారు? గుంటూరు చుట్టూ ఉన్న నల్లరేగడి పత్తికి, మిర్చికి బంగారం. పాత్రకు మాత్రం పనికిరాదు. అది తడిస్తే బాగా ఉబ్బి, ఎండితే బాగా కుదించుకుపోయే రకం. వేసవిలో చేలల్లో పాదం దూరేంత నెర్రెలు చూశాం కదా, కప్పులోనూ అదే జరుగుతుంది. కృష్ణ ఒండ్రు, చెరువు మట్టి కుండలకు బాగుంటాయి. వాటిలో ఇనుము ఎక్కువ, త్వరగా కరుగుతాయి. స్టోన్‌వేర్ వేడికి తీసుకెళ్తే కుంగి, బుడగలు కట్టి పలక మీద కారిపోతాయి. కాబట్టి స్టూడియోలకు పైవేడిని తట్టుకునే బాల్ క్లే అనే మెత్తని మట్టి, చైనా క్లే (కేయొలిన్), వాటితోపాటు ఫెల్డ్‌స్పార్, సిలికా కావాలి. అవి కూడా మన రాష్ట్రంలో లేనివేం కాదు. ద్వారకా తిరుమల చుట్టుపక్కల బాల్ క్లే, గూడూరు పరిసరాల్లో సిలికా ఇసుక ఉన్నాయి. గూడూరులో సిరామిక్ టెక్నాలజీ నేర్పే ప్రభుత్వ సంస్థ కూడా ఉంది. కొరత సరుకుది కాదు, దాన్ని చిన్న మొత్తాల్లో శుద్ధి చేసి స్టూడియో గుమ్మం దాకా తెచ్చేవాళ్లది.

పైవేడికి కరిగిపోవడమే కృష్ణ ఒండ్రు లోపమైతే, దాన్నే గ్లేజ్‌గా వాడితే? ప్రపంచంలో చాలాచోట్ల త్వరగా కరిగే నది మట్టిని అలాగే వాడారు. మేం కూడా కృష్ణ ఒడ్డున మేట వేసిన మెత్తని మట్టిని బకెట్లో నానబెట్టి, పాత నైలాన్ చీరలో వడగట్టి, క్రీములా చేసి స్టోన్‌వేర్ పలక మీద పూశాం. కోన్ 6 దగ్గర అది సగమే కరిగింది, గరుకుగా మిగిలింది. రెండోసారి అందులో కొంచెం ఫెల్డ్‌స్పార్, కొంచెం సున్నం కలిపాం. ఈసారి పలక ముదురు బెల్లం రంగులో, పలచబడిన అంచుల దగ్గర తేనెలా వచ్చింది. ఆ పలక పిన్నికి ఇస్తే తీసుకెళ్లి వంటింట్లో ఆవకాయ జాడీ పక్కన పెట్టింది. రెంటి రంగూ ఒకటే.